ఇందల్వాయి దారిలో కల్పిత ప్రయాణము

నిజామాబాదు నుండి హైదరాబాదునకు పోవు రహదారి డిచ్‌పల్లి దాటిన పిదప ఇందల్వాయి చేరును. అచ్చట ఒక టోలు గేటు కలదు. శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు సాగు 44వ నంబరు జాతీయ రహదారిలో ఇది ఒక చిన్న మజిలీ. 2010కి పూర్వము ఈ దారినే 7వ నంబరు రహదారి యనెడివారు.

దారి మాత్రము నంబర్ల కన్న చాల పాతది. 17వ శతాబ్దమున ఔరంగాబాదు నుండి గోలకొండకు ప్రయాణించిన థెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు ఇందల్వాయిని పేర్కొనెను. అచ్చట కత్తులు, బాకులు, బల్లెములు విస్తారముగా తయారై దేశమంతట అమ్ముడుపోవుచున్నవనియు, వాటికి వలయు ఇనుమును సమీపమునందలి కొండ నుండి త్రవ్వి తీయుదురనియు వ్రాసెను. ఆ కాలపు యాత్రికులు దూరమును క్రోసులలోను, మజిలీలలోను లెక్కించెడివారు. క్రోసు నిడివి ఒక్కొక్క సీమలో ఒక్కొక్క విధముగా ఉండెడిది. కావున ఒకే ప్రయాణమునకు ఇద్దరు రెండు లెక్కలు చెప్పినను, ఎవరిది తప్పో తేల్చుట సులభము కాకుండెను.

నేడు అదే దారిలో పోవు డ్రైవరు చొక్కా జేబులో స్మార్ట్ ఫోను ఉన్నది. అందులోని యాప్ అతడు ఎన్ని కిలోమీటర్లు నడపెనో, ఎచ్చట వేగపరిమితి దాటెనో, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు వేసెనో లెక్కించి, చివర నూటికి ఇన్ని మార్కులని చెప్పును. 2022 జూలైలో భారత బీమా నియంత్రణ సంస్థ, వాహనము నడపు తీరును బట్టి ప్రీమియము నిర్ణయించు పద్ధతిని కూడ అనుమతించినది. అనగా ఈ మార్కులు వట్టి వినోదము కావు. కొందరికి డబ్బు లెక్క, మరికొందరికి ఉద్యోగపు లెక్క కూడ కాగలవు.

మార్కులు వేయు ఈ పరీక్షకునికి పరీక్ష పెట్టువారెవరు? ప్రతి క్షణమున ఏమి జరిగినదో ముందే తెలిసిన ప్రయాణము ఒకటి ఉన్నచో, దానిని యాప్ ముందుంచి, అది చెప్పు జవాబును సరిచూడవచ్చును. అట్టి ప్రయాణము రహదారిపై దొరకుట అరుదు. అందువలననే ఇంజనీర్లు దానిని కల్పించుట నేర్చుకొనిరి. ఈ విద్యకు ఒక చరిత్ర కలదు.

రాళ్ళు లెక్కించిన బండి

క్రీస్తు పూర్వము ఒకటవ శతాబ్దమున విట్రూవియస్ అను రోమను శిల్పశాస్త్రజ్ఞుడు దూరమును తనంతట తానే లెక్కించు బండిని వర్ణించెను. ఆయన లెక్కలో చక్రపు వ్యాసము 4 అడుగులు. ఒక చుట్టు తిరిగినచో బండి 12½ అడుగులు ముందునకు పోవును. 400 చుట్లకు 5000 అడుగులు, అనగా ఒక రోమను మైలు పూర్తియగును. అప్పుడు పండ్లచక్రములు కదలి ఒక గులకరాయిని క్రింది పెట్టెలో పడవేయును. సాయంకాలమున రాళ్ళను లెక్కించినచో ఎన్ని మైళ్ళు నడచినదీ తెలియును.

ఈ లెక్కను విద్యార్థులు తామే సరిచూడవచ్చును. 4 అడుగుల వ్యాసము గల చక్రపు చుట్టుకొలత 12½ అడుగులు కాదు, సుమారు 12.57 అడుగులు. 400 చుట్లకు బండి 5026 అడుగులు పోవును. ప్రతి రాయికి 26 అడుగులు లెక్కలోనికి రాకుండ పోవుచున్నవి. పెట్టెలోని రాళ్ళను ఎన్నిసార్లు లెక్కించినను ఈ దోషము బయటపడదు. గొలుసుతో కొలిచిన ఒక మైలుపై ఆ బండిని నడిపినప్పుడే బయటపడును. కొలుచు సాధనమును పరీక్షించుటకు దాని కన్న నమ్మదగిన కొలత వేరొకటి కావలెనను సూత్రము ఇందుండి తెలియుచున్నది.

గీతలు గీచిన బిళ్ళ

మోటారు వాహనములు వచ్చిన తరువాత దూరమొక్కటి తెలిసిన చాలదయ్యెను. హైదరాబాదు రాజ్యమున 1932 జూన్‌లో నిజాము రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. నేటి తెలంగాణ ఆర్.టి.సి.కి అదియే మూలము. ప్రమాదము లేకుండ ఎన్ని యేండ్లు నడిపెను, లీటరు నూనెకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చెను అను రెండు లెక్కలతో డ్రైవరు నేర్పును తూచుట ఆర్.టి.సి.లో ఆనవాయితీ అయినది. ఈ రెండును ప్రయాణము ముగిసిన పిమ్మట తేలు మొత్తములు. నడుమ దారిలో ఏమి జరిగినదో ఇవి చెప్పజాలవు.

ఆ లోపమును తీర్చినది టాకోగ్రాఫు. గుండ్రని కాగితపు బిళ్ళ గడియారమువలె 24 గంటలలో ఒక చుట్టు తిరుగుచుండగా, ఒక సూది దానిపై వేగమును గీతగా గీయును. 1970లో యూరోపియను ఆర్థిక సమాజము లారీలలోను, బస్సులలోను దీనిని నిర్బంధము చేయుటకు చట్టము చేసినది. ఈ సాధనమును సరిచూచుటకు వాహనమును కొలిచిన ఒక కిలోమీటరు దారిపై గాని, కార్ఖానాలో తిరుగు రోలర్లపై గాని నడపెడివారు. రోలర్లపై చక్రములు తిరుగును, బండి మాత్రము కదలదు. దారి లేని ప్రయాణమునకు అది ఒక తొలి రూపము.

గదిలో సాగిన ప్రయాణము

దారి లేని ప్రయాణము సంపూర్ణ శాస్త్రముగా మారుటకు కారణము పొగ. అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమును మోటారు వాహనముల పొగ కప్పివేయగా, ఏ కారు ఎంత విషవాయువును విడుచుచున్నదో కొలువవలసి వచ్చెను. రోడ్డుపై ఏ రెండు ప్రయాణములును ఒక్కటిగా నుండవు. పరీక్ష న్యాయముగా నుండవలెనన్న అన్ని కార్లును ఒకే ప్రయాణమును చేయవలెను. కావున ఆ నగరమునందలి నిజమైన దారిలో పలువురు డ్రైవర్లచేత కారు నడిపించి, వేగమును నమోదు చేసి, సగటునకు దగ్గరగా నున్న ఒక ప్రయాణమును ఎన్నుకొనిరి. 1372 సెకన్లలో సుమారు 12 కిలోమీటర్లు సాగు ఆ వేగపట్టిక 1972 నమూనా కార్ల పరీక్షలకు ప్రమాణమైనది. ఇట్టి పట్టికకు ‘డ్రైవింగ్ సైకిల్’ అని పేరు. దీనిని చలనచక్రము అనవచ్చును.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆనాటి రోలర్లపై వేగమును మరీ త్వరగా పెంచినను, తగ్గించినను చక్రములు జారెడివి. అందుచే నమోదైన ప్రయాణమునందలి తీవ్రమైన మార్పులను తగ్గించి, వేగపు మార్పు ఒక్కొక్క సెకనుకు ‘గంటకు 3.3 మైళ్ళు’, అనగా సుమారు 1.5 మీ/సె² మించకుండ సరిదిద్దిరి. పొగను కొలుచుటకు ఈ సవరణ పెద్దగా అడ్డు కాకపోవచ్చును. కాని గట్టి బ్రేకులను కనిపెట్టు నేటి యాప్‌నకు ఈ పట్టికనే ఇచ్చినచో, అందులో కనిపెట్టుటకు ఒక్క గట్టి బ్రేకు కూడ ఉండదు. యంత్రము తట్టుకొనలేనిది ప్రయాణము నుండి కత్తిరింపబడినది. ఒక పనికై కల్పించిన ప్రయాణము మరియొక పనికి చాలదు.

మన దేశమునకును ఒక చలనచక్రము ఏర్పడినది. భారత చలనచక్రమున 108 సెకన్ల ఒక భాగమును ఆరుసార్లు తిప్పుదురు. మొత్తము 648 సెకన్లు, 3.948 కిలోమీటర్లు, గరిష్ఠ వేగము గంటకు 42 కిలోమీటర్లు. సగటు వేగమును లెక్కించిన గంటకు సుమారు 22 కిలోమీటర్లు వచ్చును. నగరపు రద్దీకి ఇది తగియుండెను గాని, రహదారికి తగదు. అందుచే తరువాత గంటకు 90 కిలోమీటర్ల వరకు పోవు భాగమును చేర్చి, 1180 సెకన్ల సవరించిన చక్రమును తెచ్చిరి.

పరీక్షను పసిగట్టిన కారు

కల్పిత ప్రయాణమును గ్రుడ్డిగా నమ్మినచో ఏమగునో 2015లో లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఫోక్స్‌వాగన్ కంపెనీపై ఆరోపణపత్రము జారీచేసినది. ఆ కంపెనీ డీజిలు కార్లలోని సాఫ్ట్‌వేరు స్టీరింగు స్థితి, వేగము, ఇంజను నడచిన కాలము, గాలి పీడనము మున్నగువానిని చూచి, తాను రోడ్డుపై ఉన్నదో పరీక్షాగదిలో ఉన్నదో గ్రహించెడిది. గదిలో పొగశుద్ధి పూర్తిగా పనిచేసెడిది. రోడ్డెక్కిన పిదప నైట్రోజన్ ఆక్సైడులు పరిమితికి 40 రెట్ల వరకు వెలువడెడివి.

ఈ మోసమునకు దారి చూపిన ఆధారము గదిలో దొరకలేదు. పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయము వారు కొలుచు సాధనములను కారులోనే అమర్చి, నిజమైన రోడ్లపై నడిపి చూచినప్పుడు లెక్కలు పొసగలేదు. మారని పరీక్షను బట్టీ పట్టవచ్చునని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రశ్నపత్రము ఏటేట ఒక్కటే అయినచో మార్కులు విద్యను కాక జ్ఞాపకమును కొలుచును. యాప్ పరీక్షయును అంతే. ఒకే కల్పిత ప్రయాణముపై మరల మరల సరిదిద్దిన యాప్ ఆ ప్రయాణమున మాత్రమే ప్రథమశ్రేణిలో నెగ్గును.

జేబులోని సాక్షి

ఫోనులో రెండు ముఖ్యమైన సాధనములు కలవు. మొదటిది ఉపగ్రహముల సంకేతములతో స్థానమును తెలుపు జి.పి.ఎస్. బయలు ప్రదేశమున ఫోను చూపు స్థానము సాధారణముగా 5 మీటర్ల లోపు దోషముతో ఉండును. రెండవది త్వరణమాపకము. ఇది వేగములో మార్పును తెలుపును.

2008లో బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయమున ప్రశాంత్ మోహన్, వెంకట పద్మనాభన్, రామచంద్రన్ రామ్‌జీ అనువారు ‘నెరిసెల్’ అను పద్ధతిని ప్రకటించిరి. ఫోను సహాయముతో గుంటలను, బ్రేకులను, హారను మ్రోతలను గుర్తించుట దాని లక్ష్యము. జేబులో ఫోను ఎట్లు పడియుండునో ఎవరికి తెలియును? అందుకు వారొక ఉపాయము చూపిరి. భూమ్యాకర్షణ ఎల్లప్పుడును క్రిందికే లాగును కనుక దానివలన నిలువు దిక్కును, బ్రేకు వేయునప్పటి త్వరణమువలన ముందు దిక్కును కనుగొనవచ్చును. నేటి యాప్‌లును ఇట్టి తర్కముపైననే ఆధారపడుచున్నవి.

కల్పిత ప్రయాణమును అల్లు విధము

ఇందల్వాయి దారిలో ఒక లారీ ప్రయాణమును కల్పించవలెననుకొన్నచో మొదట పటముపై దారిని బిందువుల వరుసగా గుర్తింతురు. తరువాత ప్రతి సెకనునకు ఒక వేగమును నిర్ణయింతురు. వేగము నుండి స్థానమును, వేగపు మార్పు నుండి త్వరణమును లెక్కింతురు. ఈ రెండును ఒకే మూలము నుండి రావలెను. ఐఫోను యాప్‌లు తయారుచేయువారికై ఆపిల్ సంస్థ ఇచ్చు సిమ్యులేటరులో ‘ఫ్రీవే డ్రైవ్’ అను సిద్ధ ప్రయాణము కలదు. అందు స్థానము మారుచుండును గాని త్వరణమాపకపు అంకెలు రావు. స్థానము రహదారిపై పరుగెత్తుచుండగా త్వరణపు సాక్ష్యమే లేని ఆ ప్రయాణము బ్రేకుల పరీక్షకు పనికిరాదు.

ఒక ఉదాహరణ చూడదగును. లారీ గంటకు 72 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 20 మీటర్ల చొప్పున పోవుచున్నది. 3 సెకన్లలో వేగము 16, 12, 8 మీటర్లకు దిగినది. వేగము సెకనుకు 4 మీటర్ల చొప్పున తగ్గినది. 3 మీ/సె² దాటినచో గట్టి బ్రేకు అని యాప్ నియమము పెట్టుకొన్నదనుకొన్నచో, దీనిని తప్పక పట్టుకొనవలెను. కాని బ్యాటరీని పొదుపు చేయుటకై ఆ యాప్ 5 సెకన్లకు ఒకసారి మాత్రమే వేగమును చూచుచున్నచో? 5 సెకన్లలో మార్పు 12 మీటర్లు, సగటున 2.4 మీ/సె². గట్టి బ్రేకు మాయమైనది!

ఇందుకు విపరీతమును సంభవింపవచ్చును. లారీ సమవేగముతో 20 మీటర్ల చొప్పున పోవుచుండగా, జి.పి.ఎస్. దోషమువలన ఒక స్థానము 5 మీటర్లు ముందునకు, తరువాతి స్థానము 5 మీటర్లు వెనుకకు పడినదనుకొన్నచో, ఆ సెకనులో లారీ 10 మీటర్లే నడచినట్లు కనబడును. స్థానములనుబట్టి మాత్రమే వేగము కట్టు యాప్ దానిని భయంకరమైన బ్రేకుగా వ్రాయును. డ్రైవరు చేయని తప్పునకు మార్కులు పోవును.

కావున కల్పించువాడు దోషములను కూడ కల్పింపవలెను. ఇచ్చట ఒక మెలకువ కలదు. నిజమైన జి.పి.ఎస్. దోషము ప్రతి సెకనును పాచికలు వేసినట్లు మారదు. ఒక దిక్కునకు జరిగినచో కొంతసేపు ఆ దిక్కుననే ఉండి మెల్లగా మారును. ప్రతి బిందువునకును వేరువేరుగా యాదృచ్ఛిక దోషము కలిపినచో లారీ రోడ్డుపై కప్పవలె గెంతును. దోషమే కలుపకున్నచో పట్టుదారమువలె నున్నగా సాగును. ఈ రెండును రహదారిపై కానరానివే.

టోలు గేటు, రైలుబండి, చెరకు ట్రాక్టరు

ఇందల్వాయి పరిసరములు ఇట్టి పరీక్షకు చక్కని పాఠశాల. టోలు గేటు వద్ద ప్రతి వాహనమును వేగము తగ్గించును. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ నిర్బంధమైనందున ఆగు కాలము తగ్గినను, వరుస ఏర్పడినప్పుడు ఆగక తప్పదు. వరుసలో నిలిచినంత మాత్రమున యాప్ ప్రయాణము ముగిసినదని వ్రాసినచో ఒక ప్రయాణము రెండగును. టీ దుకాణము వద్ద అరగంట ఆగినను ముగియలేదని వ్రాసినచో, విశ్రమించిన డ్రైవరు విశ్రాంతి లేకుండ నడిపినట్లగును. కల్పిత ప్రయాణములలో ఆగు కాలమును రెండు నిమిషములు, అయిదు నిమిషములు, ముప్పది నిమిషములు అని మార్చి మార్చి పెట్టుట అందువలననే.

సికింద్రాబాదు నుండి నిజామాబాదునకు పోవు రైలుమార్గమును ఇందల్వాయి మీదుగానే పోవును. రైలులో కూర్చున్న ఉపాధ్యాయిని జేబులోని ఫోను కూడ గంటకు 80 కిలోమీటర్ల వేగమును చూపవచ్చును. యాప్ ఆయనను డ్రైవరని భావింపరాదు. బస్సులోని ప్రయాణికునికిని, ఆ బస్సు నడపు డ్రైవరునకును జి.పి.ఎస్. అంకెలలో భేదమే కనబడదు. ఇట్టి ప్రయాణములను కూడ పరీక్షలో చేర్చనిచో, యాప్ కదలిన ప్రతివానిని డ్రైవరుగా లెక్కించును.

ఇక చెరకు ట్రాక్టరు. బోధన్ ప్రాంతము 1937లో స్థాపించబడి, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీతో పేరు పొందినది. చెరకు, పసుపు, వరి పండు ఈ సీమ దారులలో బరువుతో మెల్లగా కదలు ట్రాక్టరు ట్రాలీ హఠాత్తుగా అడ్డు రావచ్చును. పశువుల మంద రోడ్డు దాటవచ్చును. అప్పుడు గట్టిగా బ్రేకు వేసిన డ్రైవరు ప్రాణము కాపాడినవాడు. అంకెలలో మాత్రము అది గట్టి బ్రేకే. ఎదుట ఏమున్నదో త్వరణమాపకమునకు కనబడదు.

ఈ కారణముననే దారిని కంటితో చూచి నేర్చుకొను సాధనములు అవసరమైనవి. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. వారు 2018లో ఇంటెల్ సంస్థ సహకారముతో ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ను వెలువరించిరి. హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను, వాటి శివారులలోను 182 ప్రయాణముల నుండి తీసిన సుమారు పదివేల చిత్రములలో 34 రకముల వస్తువులను గుర్తించి చూపిరి. ఇతర దేశములలో సిద్ధము చేసిన చిత్రసంపుటములలో ఆటోలు, రోడ్డుపై పశువులు, గీతలు లేని అంచులు అరుదు. సంగారెడ్డి జిల్లా కంది వద్ద హైదరాబాదు ఐ.ఐ.టి.లో 2022 జూలై 4న స్వయంచాలిత వాహనముల పరీక్షా క్షేత్రము ‘టిహాన్’ ప్రారంభమైనది. అచ్చట వాహనములను అదుపులో నున్న దారిపై నడిపి చూతురు. ఇది రోలరుకును, రహదారికిని నడిమి మెట్టు.

తెలియునది, తెలియనిది

ఈ చరిత్రనంతను కలిపి చూచిన ఒక విషయము స్పష్టమగును. కల్పిత ప్రయాణమున జవాబు తెలియును గాని దారి తెలియదు. నిజమైన ప్రయాణమున దారి ఉన్నది గాని జవాబు తెలియదు. మూడు గట్టి బ్రేకులు పెట్టి అల్లిన ప్రయాణములో యాప్ రెండింటినే కనిపెట్టినచో తప్పు ఎక్కడనో వెంటనే వెదకవచ్చును. ఇందల్వాయి నుండి వచ్చిన నిజమైన లారీ లెక్కలో రెండు బ్రేకులు కనబడినచో, మూడవది ఉండెనో లేదో చెప్పుటకు ప్రక్కన మరియొక నమ్మదగిన సాధనమో, వ్రాసుకొను మనిషియో ఉండవలెను. ఒకటి లేక రెండవది చాలదు.

కల్పనకు మరియొక ప్రయోజనమును కలదు. నిజమైన ప్రయాణపు నమోదు ఒక మనిషి ఇల్లు ఎక్కడనో, ఎన్ని గంటలకు బయలుదేరునో, ఎవరి ఇంటి ముందు ఆగునో చెప్పివేయును. అల్లిన ప్రయాణము ఎవరి రహస్యమును బయటపెట్టదు. ప్రమాదకరమైన సందర్భములను మనుష్యులచేత చేయించి చూచుట కూడదు. అంకెలలో చేయించిన ఎవరికిని దెబ్బ తగలదు.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వాహనము నడపు తీరును మెరుగుపరచగల ఏ సాధనమునైనను త్రోసిపుచ్చుటకు వీలులేదని ఈ అంకె చెప్పుచున్నది. కాని తప్పుగా కొలుచు సాధనము రెండు విధముల హాని చేయును: నేర్పరియైన డ్రైవరును దోషిగా చూపును, ప్రమాదకరముగా నడపువానికి మంచి మార్కులు వేయును. మొదటిదానివలన ఒకని జీతమునకు దెబ్బ. రెండవదానివలన ఎదుటివాని ప్రాణమునకు.

భౌతికశాస్త్రమున చదువు కాల-వేగ రేఖాచిత్రము ఈ విద్యకంతటికిని మూలము. 20, 16, 12, 8 అను నాలుగు వేగములను గ్రాఫు కాగితముపై గుర్తించి, వాలు నుండి త్వరణమును, క్రింది వైశాల్యము నుండి 42 మీటర్ల దూరమును రాబట్టిన విద్యార్థి ఒక కల్పిత ప్రయాణమును అల్లినట్లే. తరువాత నిజామాబాదు బస్సులో కూర్చుండి ఇందల్వాయి వరకు కిలోమీటరు రాళ్ళను, గడియారమును చూచి వేగములను వ్రాసుకొన్నచో, కాగితమునకును రహదారికిని గల భేదము అతనికి స్వయముగా తెలియును.